అర్ఖంగైలో పది రోజులు: ఎక్కడ ఉండాలి, ఎలా మెలగాలి, ఏం తినాలి

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ముందు తిరిగి చెప్తాను. జూలైలో మీరు నలుగురు మంగోలియా వెళ్తున్నారు. గోబీ ఎడారి అందరూ చూసేదే కదా అని దాన్ని వదిలేసి, అర్ఖంగై అనే పల్లెటూరి ప్రావిన్సులో పది రోజులు గడపాలనుకుంటున్నారు. అక్కడ చూడటానికి ఏముంది, జనం ఎలా బతుకుతారు, మీలో ఇద్దరు శాకాహారులు కాబట్టి తిండికి ఇబ్బంది పడతారా, వెళ్ళేటప్పుడు వాళ్ళకి ఏం పట్టుకెళ్ళాలి అని అడిగారు.

సూటిగా జవాబు: వెళ్ళండి. పది రోజులు సరిపోతాయి. కానీ పది చోట్లు తిరగొద్దు, రెండు చోట్ల మకాం వేయండి. మూడు నాలుగు రోజులు త్సెత్సెర్లెగ్ పట్నం చుట్టుపక్కల, మిగతా రోజులు తారియాత్ వైపు ఏదో ఒక లోయలో పశువులు మేపుకునే కుటుంబం దగ్గర. శాకాహారులకు మంగోలియా పల్లెల్లో కాస్త సుఖంగా గడిచే కాలం ఏడాది మొత్తంలో ఏదన్నా ఉందంటే అది జూలై, ఆగస్టు నెలలే. ఎందుకో కింద చెప్తాను.

నేను పశువైద్యుణ్ణి. అనంతపురం జిల్లాలో పదేళ్ళు గొర్రెల మందల వెంట తిరిగాక, 2011 నుంచి 2013 దాకా ఒక పశు ఆరోగ్య ప్రాజెక్టు పని మీద అర్ఖంగైలో ఉన్నాను. ఆ తర్వాత సొంత ఖర్చుతో రెండుసార్లు వెళ్ళొచ్చాను. కాబట్టి నా జవాబు కాస్త పేడవాసన వేస్తుంది, భరించండి.

పేరుతో మొదలుపెడతాను, ఎందుకంటే ఆ పేరులోనే సగం భూగోళం ఉంది. 'అర్' అంటే వెనుక, ఉత్తరం. 'ఖంగై' అన్నది దేశం నడిమధ్యన పడమటి నుంచి తూర్పుకు సాగే పెద్ద కొండల వరుస. అంటే ఖంగై కొండల వెనక పక్క. ముందు పక్క ఉన్న ప్రావిన్సు పేరు ఒవొర్ఖంగై. మంగోలులు దక్షిణం వైపు ముఖం పెట్టి దిక్కులు లెక్కపెడతారు. వాళ్ళ భాషలో పడమరకీ కుడికీ ఒకటే మాట, తూర్పుకీ ఎడమకీ ఒకటే మాట. మన పెద్దలు తూర్పు ముఖంగా నిలబడ్డారు కాబట్టి దక్షిణం అన్న మాటకి కుడి అనే అర్థం కూడా వచ్చింది. ఇది ఊరికే చెప్పడం లేదు, వాళ్ళ డేరాలోకి అడుగుపెట్టగానే పనికొస్తుంది.

'ఖ' అని నేను రాస్తున్నది గొంతులోంచి గీరినట్టు వచ్చే 'హ'. పట్నం పేరు త్సెత్సెర్లెగ్ చూసి భయపడొద్దు, ఇంగ్లీషువాళ్ళకే అది కష్టం. మన చాపలో, చలిలో ఉన్న 'చ' ఉంది చూశారూ, అదే ఆ 'త్స'. మొదటి రోజే నా ఉచ్చారణ విని ఆఫీసులో వాళ్ళు మెచ్చుకున్నారు. ఆ మాటకి అర్థం తోట. ఒక హెచ్చరిక: ఇదే ప్రావిన్సులో త్సెత్సెర్లెగ్ అనే పేరుతో ఉత్తరాన ఒక మండలం కూడా ఉంది. ప్రావిన్సు కేంద్రమైన పట్నం మాత్రం ఎర్దెనెబుల్గాన్ మండలంలో ఉంది. డ్రైవరుతో మాట్లాడుకునేటప్పుడు ఏది కావాలో తేల్చి చెప్పండి.

ప్రావిన్సుని వాళ్ళు ఐమగ్ అంటారు, మండలంలాంటిదాన్ని సుమ్ అంటారు. 1931లో ఏర్పడిన ఈ ఐమగ్‌లో 19 సుమ్‌లు. విస్తీర్ణం 55 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అంటే తెలంగాణలో దాదాపు సగం. అందులో జనం లక్షలోపే. పశువులు 40 లక్షల పైమాట. ఈ లెక్క గుర్తుపెట్టుకుంటే అక్కడ ఎవరి సౌకర్యం కోసం ఏది ఏర్పడిందో తెలుస్తుంది.

ఇక నేల సంగతి. ఖంగై కొండల శిఖరాల వెంట నీళ్ళు రెండుగా చీలతాయి. దక్షిణానికి దిగినవి గోబీ అంచున ఉన్న సరస్సుల్లో చేరి ఆవిరైపోతాయి. ఉత్తరానికి, అంటే అర్ఖంగై వైపు దిగినవి తామిర్, చులూత్, ఓర్ఖోన్ నదులై, సెలెంగెలో కలిసి, బైకాల్ సరస్సు మీదుగా ఆర్కిటిక్ సముద్రం దాకా పోతాయి. వాన ఏడాదికి 300 మిల్లీమీటర్ల పైచిలుకే. అనంతపురంలో కురిసేదానికన్నా తక్కువ! మొదటి వేసవిలో ఆ పచ్చదనం చూసి నేను నమ్మలేదు. సంగతేమిటంటే, కురిసేదంతా దాదాపు జూన్, జూలై, ఆగస్టుల్లోనే కురుస్తుంది, చల్లని నేల కాబట్టి ఆ తడి తొందరగా ఎగిరిపోదు. కొండల ఉత్తరపు వాలులో నేల అడుగున మంచు కరగకుండా ఉండిపోయే చోట్లు కూడా ఉన్నాయి, ఆ చెమ్మ పైకి వస్తూ ఉంటుంది.

అందుకే ఏ కొండ చూసినా ఒకే తీరు. ఉత్తరపు వాలు మీద నల్లగా లార్చ్ చెట్ల అడవి, దక్షిణపు వాలు మీద ఒక్క చెట్టు లేకుండా గడ్డి. కత్తితో కోసినట్టు గీత ఉంటుంది. దిక్సూచి అక్కర్లేదు.

ఈ రెండు వాలుల తేడా అర్థమైతే అక్కడి బతుకు సగం అర్థమైనట్టే. పశువుల కుటుంబానికి ఏడాదిలో నాలుగు మకాములు. చలికాలపు మకాం దక్షిణపు వాలు మీద, కొండ మడతలో, గాలి తగలని చోట. లోయ అడుగున మాత్రం ఉండదు. ఎందుకంటే శీతాకాలపు రాత్రి చలిగాలి బరువెక్కి, నీళ్ళు పల్లానికి చేరినట్టు, లోయ అడుగుకి దిగి నిలబడిపోతుంది. కొండ మీదికి వంద మీటర్లు ఎక్కితే తేడా ముక్కుకే తెలుస్తుంది. వేసవి మకాం నది ఒడ్డున, గాలి ఆడే చోట, ఈగలు తక్కువగా ఉండేచోట. వసంతం, శరత్తు మకాములు ఈ రెండింటి మధ్య. గోబీ వాళ్ళలా వందల కిలోమీటర్లు పోరు. అర్ఖంగైలో గడ్డి బాగుంటుంది కాబట్టి మకాముకీ మకాముకీ దూరం చాలా ఇళ్ళకి పది పాతిక కిలోమీటర్లే. "దేశదిమ్మరులు" అని మనవాళ్ళు రాస్తుంటారు, అది తప్పు మాట. ఫలానా చలికాలపు మకాం ఫలానా కుటుంబానిదని లోయలో అందరికీ తెలుసు. అక్కడ ఎవరూ లేనప్పుడు చూసి "ఖాళీ స్థలం" అనుకోవడం మన పొరపాటు.

పలకరింపు కూడా దీన్నిబట్టే. మీరు వెళ్ళేది వేసవి కాబట్టి "సైన్ జుస్జ్ బైన ఊ?" అనండి. "వేసవి మకాం బాగా సాగుతోందా?" అని అర్థం. చలికాలంలో అయితే "బాగా చలికాలం గడుపుతున్నారా" అనాలి. ఆ తర్వాత పశువులు బలిసాయా అని అడుగుతారు. మనుషుల ఆరోగ్యం సంగతి చివర్లో వస్తుంది. మా అనంతపురం గొర్రెల కాపరులూ అంతే. మంద బాగుందా అని అడిగితే మొహం వెలుగుతుంది, నువ్వు బాగున్నావా అంటే "ఆఁ" అని ఊరుకుంటారు.

డేరాని గెర్ అంటారు. తలుపు ఎప్పుడూ దక్షిణానికే. లోపలికి వెళ్ళగానే మీ ఎడమ పక్క, అంటే పడమర, మగవాళ్ళదీ అతిథులదీ. కుడి పక్క, తూర్పు, వంట సామాను ఉండే ఆడవాళ్ళ వైపు. తలుపుకి ఎదురుగా ఉత్తరపు గోడ దగ్గర పెద్దల స్థానం, దేవుడి పటాలూ కుటుంబం ఫోటోలూ అక్కడే. మీరు ఎడమ వైపు నుంచి వెళ్ళి కూర్చుంటే చాలు, పైకి రమ్మంటే వాళ్ళే చెప్తారు.

చేయకూడనివి చాలా చెప్తారు గానీ ముఖ్యమైనవి కొన్నే. గడప తొక్కొద్దు (మనకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు). నడిమధ్య ఉండే రెండు స్తంభాలకు ఆనుకోవద్దు, వాటి మధ్యనుంచి వస్తువు అందించొద్దు. పొయ్యిలో చెత్త వేయొద్దు, నీళ్ళు పోయొద్దు, కాళ్ళు పొయ్యి వైపు చాపొద్దు. ఏదిచ్చినా కుడిచేత్తో, ఎడమచేయి కుడి మోచేతికి ఆనించి తీసుకోండి. పెద్దవాళ్ళ ముందు చొక్కా చేతులు మడిచి ఉంటే దించుకోండి. ఇచ్చింది తాగకపోయినా పరవాలేదు, పెదవికి తాకించి కింద పెట్టండి. ముట్టుకోకుండా చేయి అడ్డం పెట్టి "వద్దు వద్దు" అనడమే తప్పు.

అన్నిటికన్నా ముందు, డేరా దగ్గరికి చేరేటప్పుడు దూరంనుంచే "నొఖోయ్ ఖోర్!" అని గట్టిగా అరవండి. కుక్కని పట్టుకోండి అని అర్థం. తలుపు తట్టే ఆచారం లేదు, ఆ అరుపే కాలింగ్ బెల్లు. నేను దీన్ని తేలిగ్గా తీసుకుని ఒకసారి జీపు బానెట్టు మీద పావుగంట కూర్చోవాల్సి వచ్చింది. కింద కుక్క, ఇంటివాళ్ళు పాలు పితుకుతూ నది అవతల. పశువైద్యుణ్ణి కదా కుక్కలు తెలుసు అన్న నమ్మకం ఆ రోజుతో పోయింది. రేబిస్ ఆ దేశంలో ఉంది, టీకా ఇక్కడే వేయించుకుని వెళ్ళండి.

మీరు చూసేది వేసవి కాబట్టి చలికాలం గురించి రెండు మాటలు చెప్పకపోతే బొమ్మ సగమే అవుతుంది. నవంబరు చివర ఒక ఉదయం గాలికుంటు టీకాలకు వెళ్ళాం. మన దగ్గర టీకా అంటే ఐసు కోసం పరుగులు, ఫ్లాస్కు మూత ఎవరు తీశారని తిట్లు. అక్కడ సమస్య తిరగబడింది. ఆ టీకా గడ్డకడితే పనికిరాదు, బయట మైనస్ 25. సీసాలు ఐసు పెట్టెలోనే ఉంచాం, చలి తగలకుండా! రెండు మందలయ్యేసరికి సిరంజిలో మందు సూది మొదట్లో బిగుసుకుపోయింది. ఆ ఇంటావిడ ఏమీ మాట్లాడకుండా నా చేతిలోంచి సీసాలు తీసుకుని, తన డెల్ (వాళ్ళు వేసుకునే పొడుగు అంగీ) లోపల రొమ్ముకు ఆనించుకుని, దొడ్డి కంచె మీద కూర్చుంది. నేను అడిగినప్పుడల్లా ఒక్కో సీసా తీసి ఇచ్చింది. పిల్లకి పాలిచ్చేటంత మామూలుగా చేసిందా పని.

జుద్ అనే మాట మీకు అక్కడ వినిపిస్తుంది. పశువులు మూకుమ్మడిగా చచ్చిపోయే చలికాలం. మంచు లోతుగా పడి గడ్డి అందకపోతే తెల్ల జుద్. మంచే పడక, తాగడానికి ఏమీ లేకపోతే నల్ల జుద్. మంచు కరిగి మళ్ళీ గడ్డకట్టి నేల మీద పలకలా బిగుసుకుంటే ఇనుప జుద్, అన్నిటిలోకీ అదే పాపిష్టిది. డెక్కతో గీరినా పగలదు. 2009-10 చలికాలంలో దేశం మొత్తం మీద 80 లక్షలకు పైగా పశువులు పోయాయి. 2023-24లో కూడా 70 లక్షలు దాటాయి. చలి ఒక్కటే కారణం అనకూడదు. 1990 దాకా పశువులు సామూహిక సంఘాలవి. ఆ తర్వాత సొంతానికి పంచారు. మేక బొచ్చుకి, అదే కాష్మీరుకి, మంచి ధర రావడంతో మేకలు విపరీతంగా పెరిగాయి. మేక గడ్డిని మొదటికంటా కొరుకుతుంది. వేసవి ఎండి గడ్డి చాలకపోతే పశువు కొవ్వు పట్టకుండానే చలికాలంలోకి అడుగుపెడుతుంది, దాన్ని చంపడానికి పెద్ద చలి అక్కర్లేదు. మీరు జూలైలో వెళ్ళి "ఎంత ప్రశాంతంగా ఉంది" అనుకునే ఆ రెండు నెలల్లో పశువులు మేసిన మేతే వచ్చే మార్చి దాకా వాటిని మోయాలి. వాళ్ళు ఎందుకంత పొద్దున లేచి అంత రాత్రి దాకా పనిచేస్తున్నారో అప్పుడు తెలుస్తుంది.

సరే, తిరగాల్సిన చోట్లు. రాజధాని ఉలాన్‌బాతర్ నుంచి త్సెత్సెర్లెగ్ దాదాపు 450 కిలోమీటర్లు, తారు రోడ్డే. ఒక రోజు ప్రయాణం. దారిలో ఖార్ఖోరిన్ తగులుతుంది. చెంగిజ్ ఖాన్ వారసుల రాజధాని కరాకోరం అదే, అయితే అది పక్క ప్రావిన్సు. అక్కడినుంచి ఉత్తరానికి 45 కిలోమీటర్లు పోతే అర్ఖంగైలోని ఖోషో త్సైదమ్ వస్తుంది. 8వ శతాబ్దపు తుర్కు రాజు బిల్గె ఖగాన్, అతని తమ్ముడు కుల్ తిగిన్‌ల స్మారక శిలలు మ్యూజియంలో ఉన్నాయి. తుర్కు భాషలో ఇంత పొడుగు రాతలు అంతకుముందువి దొరకలేదు. 1893లో డెన్మార్క్ పండితుడు థామ్సెన్ ఆ లిపిని ఛేదించాడు. చరిత్ర మీద ఇష్టం లేకపోతే ఇది వదిలేయండి, చుట్టూ బయలు తప్ప ఏమీ లేదు.

వదలకూడనిది త్సెత్సెర్లెగ్ మ్యూజియం. బుల్గాన్ కొండ కింద ఉన్న జయా గెగీన్ అనే పాత మఠమే మ్యూజియం. 1930ల చివర్లో దేశమంతా మఠాలు కూల్చేసినప్పుడు ఇది గోదాముగా మారి బతికిపోయింది. అక్కడ బుగుత్ శిల ఉంది, తాబేలు పీఠం మీద నిలబెట్టినది, 6వ శతాబ్దం చివరిది. మూడు పక్కల సోగ్డియన్ లిపి, అంటే పాతకాలపు మధ్య ఆసియా వర్తకుల లిపి. నాలుగో పక్కకి తిరిగి చూడండి. అది బ్రాహ్మి! భాష సంస్కృతం కాదు, మంగోలు కుటుంబపు పాత భాష అని ఇటీవలి పరిశోధకులు తేల్చారు. కానీ లిపి మనదే. భట్టిప్రోలు ధాతుపేటికల మీది అక్షరాలకు చాలా దూరపు చుట్టం. బాగా అరిగిపోయింది, వెలుతురు ఏటవాలుగా పడే సాయంత్రం పూటే గీతలు కాస్త కనిపిస్తాయి. నేను ఆ శిల దగ్గర గడిపినంతసేపు ఏ సరస్సు దగ్గరా గడపలేదు, అది నా పిచ్చి.

ఇలాంటి చుట్టరికాలు ఇంకొన్ని ఉన్నాయి. అంగారకుణ్ణి వాళ్ళు అంగరగ్ అంటారు, బుధుణ్ణి బుద్, బృహస్పతిని బర్ఖస్బది, శుక్రుణ్ణి సుగర్, శనైశ్చరుణ్ణి సంచిర్. బౌద్ధంతోబాటు సంస్కృతం వెళ్ళిన ఆనవాళ్ళు. టిబెట్ నుంచి వాళ్ళకి వచ్చిన అరవై ఏళ్ళ చక్రం 1027లో మొదలవుతుంది. దానికి పదహారు అరవైలు కలపండి, 1987. మన ప్రభవ నామ సంవత్సరం సరిగ్గా 1987 ఉగాదికి! ఆ చక్రానికి టిబెటన్లు పెట్టుకున్న రబ్జుంగ్ అన్న పేరు ప్రభవకి అనువాదమే. ఒక ముసలి లామా నన్ను ఏ ఊరని అడిగితే ఆంధ్ర, కృష్ణానది అని ఏదేదో చెప్పాను, దుబాసీకి నోట మాట రాలేదు. చివరికి ధాన్యకటకం (మన అమరావతి) అన్నాను, టిబెట్‌లోని ద్రెపుంగ్ మఠానికి పేరిచ్చిన ఊరు మాదే అన్నాను. బుద్ధుడు కాలచక్రం అనే తంత్రాన్ని బోధించింది ధాన్యకటకంలోనే అని వాళ్ళ నమ్మకం. ఆయన లేచి నా తల మీద చేయి పెట్టాడు. మాది తెనాలి దగ్గర, అమరావతి నేను రెండుసార్లే చూశాను. అది మాత్రం చెప్పలేదు.

త్సెత్సెర్లెగ్ నుంచి పడమటికి ఇరవై కిలోమీటర్ల పైన తైఖర్ చులూ అని, చదునైన మైదానంలో ఒంటరిగా నిలబడ్డ గుండు. ఐదంతస్తుల ఎత్తుంటుంది. ఒక వీరుడు పెద్ద పాము మీదికి విసిరాడని కథ. దాని మీద పాత తుర్కు, టిబెటన్, మంగోలు లిపుల్లో వందకు పైగా రాతలున్నాయి, వాటి పైన ఇప్పటి కుర్రాళ్ళ పెయింటు పేర్లున్నాయి. మన కోటల్లో చూసే దృశ్యమే. త్సెంఖెర్ వేడినీటి ఊటలు పట్నానికి దక్షిణాన, నీరు 85 డిగ్రీల దాకా ఉంటుంది, చల్లార్చి తొట్లలోకి వదులుతారు. నాలుగు రోజులు స్నానం లేకుండా తిరిగాక వెళ్ళండి, విలువ తెలుస్తుంది. కంచుయుగపు జింకరాళ్ళ (జింక బొమ్మలు చెక్కిన నిలువురాళ్ళు) మీద ఆసక్తి ఉంటే ఖోయిద్ తామిర్ లోయలోనూ, జర్గలాంతిన్ అమ్‌లోనూ ఉన్నాయి. 2023లో యునెస్కో జాబితాలో చేరిన నాలుగు చోట్లలో మూడు ఈ ప్రావిన్సువే.

రెండో మకాం తారియాత్ వైపు, తెర్ఖిన్ త్సగాన్ సరస్సు. ఖోర్గో అగ్నిపర్వతం లావా పారి తెర్ఖ్ నదికి అడ్డంగా గడ్డకట్టడంతో ఏర్పడిన సరస్సు ఇది, పొడవు 16 కిలోమీటర్లు, సముద్రమట్టానికి రెండు వేల మీటర్ల పైన. ముసలి దంపతులు బావికి మూత వేయడం మరిచారట, నీరు లోయంతా ముంచిందట, ఒక వీరుడు కొండ కొస బాణంతో కొట్టి బావికి మూతవేశాడట, సరస్సులోని ద్వీపం ఆ కొసేనట. లావా కథకన్నా నాకు ఇదే నచ్చింది. ఖోర్గో నోటి దాకా అరగంటలో ఎక్కొచ్చు. నల్లరాయి గరుకుగా ఉంటుంది, చెప్పులతో వెళ్ళొద్దు. జూలై రాత్రి కూడా అక్కడ చలి ఎముక కొరుకుతుంది, స్వెట్టరు తప్పనిసరి.

సరస్సు ఒడ్డున టూరిస్టు డేరాలు వరసగా ఉంటాయి. అక్కడ ఒక్క రాత్రి చాలు. ఆ వెనకున్న లోయల్లోకి పది కిలోమీటర్లు పోయి పశువుల కుటుంబం దగ్గర ఉండండి. మధ్యవర్తి ద్వారా ముందే మాట్లాడుకుని, డబ్బెంతో తేల్చుకునే వెళ్ళండి. అతిథిని ఊరికే ఉంచుకోవడం వాళ్ళ సంప్రదాయం నిజమే, నలుగురు మనుషులు ఐదు రోజులు తిష్ఠ వేయడం మాత్రం సంప్రదాయం కాదు.

తిండి. చలికాలంలో మాంసం, వేసవిలో పాలు. ఇదే వాళ్ళ క్రమం. వేసవి పాలవంటలకు వాళ్ళు 'తెల్ల ఆహారం' అని పేరు పెట్టుకున్నారు. అందుకే మీ శాకాహారులకి జూలై మంచిదన్నాను. అర్ఖంగైలో జడలబర్రెలు ఎక్కువ. ఆవుతో కలిసిన సంకరజాతిని ఖైనగ్ అంటారు, మగవి గొడ్డువి, ఆడవి పాలు బాగా ఇస్తాయి. జడలబర్రె పాలు మన గేదె పాలంత చిక్కన. పెద్ద మూకుడులో సన్నసెగ మీద కాస్తూ, గరిటతో పైకెత్తి పోస్తూ నురగ తెప్పించి, రాత్రంతా కదపకుండా వదిలేస్తారు. తెల్లారేసరికి వేలిమందం మీగడ అట్టు కట్టి ఉంటుంది. దోసె మడిచినట్టు సగానికి మడిచి తీస్తారు. దాన్ని ఓరోమ్ అంటారు. రొట్టె మీద ఓరోమ్, పైన పంచదార. ఆ ఒక్కదాని కోసం మళ్ళీ వెళ్ళొచ్చు.

పెరుగు దొరుకుతుంది. టీ ఉప్పుతో, పాలతో ఉంటుంది. టీ అనుకోకుండా పల్చటి చారు అనుకుని తాగితే ఇబ్బంది లేదు. ఆరూల్ అనే ఎండబెట్టిన పెరుగు బిళ్ళలు రాళ్ళలా ఉంటాయి, నములుదామని చూడకండి, చప్పరించండి. అయితే కుండలో అంతకుముందు మాంసం ఉడికి ఉంటుంది, ఆ పట్టింపు ఉన్నవాళ్ళు సొంత గిన్నె తీసుకెళ్ళాలి. పెసరపప్పు, అటుకులు, పొడులు, చిన్న కుక్కరు పట్టుకెళ్ళండి. ఆ ఎత్తులో నీళ్ళు 93 డిగ్రీలకే మరుగుతాయి, కుక్కరు లేకపోతే కందిపప్పు సాయంత్రానికి కూడా ఉడకదు. బంగాళాదుంప, క్యారెట్, క్యాబేజీ, ఉల్లి త్సెత్సెర్లెగ్ మార్కెట్‌లో కొనుక్కోండి, లోయల్లో దొరకవు. నేను ఒకసారి జడలబర్రె పెరుగుతో పెరుగన్నం కలిపి, అల్లంముక్కలు వేసి అందరికీ పెట్టాను. తాతగారు రెండు ముద్దలు తిని, ఇంట్లో ఎవరికి జబ్బు చేసిందని అడిగాడు. ఆవకాయ మాత్రం ఆయన కోడలు దాచేసింది.

పశువైద్యుడిగా గట్టిగా చెప్పేది ఒకటుంది. కాచని పాలు తాగొద్దు. బ్రూసెల్లోసిస్ అక్కడి పశువుల్లో ఉంది, మనుషులకి అంటుకుంటే నెలల తరబడి జ్వరాలు, కీళ్ళనొప్పులు. టీ, ఓరోమ్ కాచిన పాలతో చేసేవే. ఐరగ్ అనే పులిసిన గుర్రప్పాలు మాత్రం కాచనివి. ఆ జబ్బు భయం ఆవు, గొర్రె, మేక పాలకున్నంత దీనికి లేదు గానీ, మన కడుపుకి అలవాటు లేదు కాబట్టి మర్యాదకి ఒక్క గుక్క చాలు. రెండోది, తర్వగ అనే బొద్దు ఉడత లాంటి జంతువు బొరియల దగ్గర నిలబడి ముద్దుగా చూస్తుంటుంది. చచ్చింది గానీ బతికింది గానీ ముట్టుకోవద్దు, ఎవరైనా దాని మాంసం పెడితే తినొద్దు. దాని ఒంటి మీద ఉండే ఫ్లీ అనే దుమికే పురుగుల ద్వారా ప్లేగు వస్తుంది, ఆ దేశంలో ఇప్పటికీ అప్పుడప్పుడు కేసులు పడుతూనే ఉన్నాయి.

తేదీల గురించి: జూలై 11 నుంచి 13 దాకా నాదం పండుగ. కుస్తీ, విలువిద్య, గుర్రప్పందేలు. రాజధానిలో స్టేడియంలో చూసేకన్నా, ఏదైనా సుమ్‌లో చూడండి. అక్కడ కుస్తీ పట్టేవాడు నిన్న మీకు పాలు పోసిన ఇంటి అబ్బాయి అయ్యుంటాడు. గుర్రాలెక్కేది చిన్నపిల్లలు, మొదటిసారి చూస్తే గుండె ఆగినంత పనవుతుంది. నాకు ఇప్పటికీ దాని మీద మనసు ఒప్పదు, అక్కడ ఆ మాట పైకి అననూ లేదు. ఆ మూడు రోజులు వ్యాన్లూ గదులూ దొరకవు, ముందే చూసుకోండి.

చివరగా, ఏం పట్టుకెళ్ళాలన్నారు. పిల్లలకి మిఠాయిలు, పెద్దవాళ్ళకి టీపొడి ఎలాగూ పట్టుకెళ్తారు. ఫోటోలు తీస్తే ప్రింటు వేయించి పంపే ఏర్పాటు చూడండి, ఉత్తరపు గోడ మీద పెట్టుకుంటారు. నేను ఇచ్చినవాటిలో అందరూ అడిగి మరీ తీసుకున్నవి గోనెసంచులు కుట్టే దబ్బనాలు. డేరాకి కప్పే ఉన్ని దుప్పటాలు, జీను పట్టీలు, అన్నీ చేత్తో కుట్టుకుంటారు. బేగంబజారులో రెండు డజన్లు కొని తీసుకెళ్తే నాలుగు రోజుల్లో అయిపోయాయి. ఒకావిడ వాటి కొసని బొటనవేలి గోరు మీద గీసి చూసి, మూడు ఏరుకుని, మిగతావి తిరిగిచ్చింది. పెద్ద సైజువే తీసుకోండి, విమానంలో చెకిన్ పెట్టెలో వేయండి. చేతిసంచిలో పెట్టుకుంటే శంషాబాద్‌లోనే తీసేసుకుంటారు.